పొల్లు చుట్టూ సవరణలు: భట్టిప్రోలు లిపి నుండి హార్ఫ్‌బజ్ దాకా

వ్యాససంగ్రహం: అచ్చు లేని హల్లును రాతలో ఎలా సూచించాలన్నది బ్రాహ్మీజన్య లిపులన్నింటికీ ఉన్న సమస్య. ఉమ్మడి గుంటూరు జిల్లాలోని భట్టిప్రోలు ధాతుపేటికల లిపి దానికి ఒక పరిష్కారం చూపింది. నేటి యూనికోడ్ మరొక పరిష్కారాన్ని ఎంచుకుంది. 2018లో ఆపిల్ పరికరాలను స్తంభింపజేసిన 'తెలుగు అక్షరం' ఉదంతం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన హార్ఫ్‌బజ్‌లో తెలుగు కోసం జరిగిన సవరణలు, 2008 నుండి 2021 వరకు యూనికోడ్ తెలుగు విభాగంలో చేరిన అక్షరాలు ఈ సమస్య నేపథ్యంలో ఇక్కడ పరిశీలనకు వస్తాయి.

కీలకపదాలు: తెలుగు లిపి, పొల్లు, వలపలగిలక, భట్టిప్రోలు, యూనికోడ్, హార్ఫ్‌బజ్, నకారపొల్లు

1. 2018 ఫిబ్రవరి ఉదంతం

2018 ఫిబ్రవరి మధ్యలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవార్త అయింది. ఐఫోన్‌కు ఎవరైనా ఆ అక్షరాన్ని సందేశంగా పంపితే సందేశాల అనువర్తనం మూతపడేది. ప్రకటనల పట్టీలో అది కనబడితే ఫోను తెర మొత్తం స్తంభించేది. పత్రికలు దానిని 'జ్ఞా' అని ముద్రించాయి. జ్ఞానానికి ఆద్యక్షరమే యంత్రాన్ని పడగొట్టిందన్న చమత్కారమూ అప్పట్లో వినిపించింది.

చమత్కారం బాగున్నా విషయం అది కాదు. 'జ్ఞానం' అన్న పదాన్ని ఐఫోన్‌లో అంతకుముందూ రాశారు, ఆ రోజుల్లోనూ రాశారు, ఏ ఫోనూ చెడలేదు. చెడగొట్టిన వరుసలో అయిదు సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, ఆ తరువాత దీర్ఘం. ఆ కనిపించని గుర్తుకు యూనికోడ్ పరిభాషలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని పేరు. ఈ వ్యాసంలో దానిని 'విభాజకం' అని వ్యవహరించడం జరుగుతుంది. దాని సహజస్థానం పొల్లు తరువాత. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో టకారం కింద వకారపు ఒత్తు చేరకుండా ఆపేది అదే. హల్లుకూ గుణింతపు గుర్తుకూ నడుమ దానికి పని లేదు. తెలుగు రాసేవారెవరూ దానిని అక్కడ ఉంచరు.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ ఆ వరుసను విడదీసి పరీక్షించి ఫలితాలు ప్రకటించాడు. దోషం ఒక్క 'జ్ఞా'కు పరిమితం కాదని, తెలుగులో ఏ రెండు హల్లుల సంయుక్తంతోనైనా వస్తుందని, బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని సంయుక్తాలలోనూ ఉందని తేలింది. తెలుగు గుణింతాలలో ఐత్వం మాత్రం దీనికి మినహాయింపు. ఆ మినహాయింపు గమనించదగ్గది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు భాగాలుగా విడదీయవచ్చు. అందువల్ల సాఫ్ట్‌వేర్ దానిని వేరే మార్గంలో నడిపిస్తుంది. దోషం అక్షరంలో కాక, అక్షరాన్ని కూర్చే క్రమంలో ఉందనడానికి ఇది బలమైన ఆధారం.

ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మ్యాక్, గడియారం, టీవీ పరికరాలకూ అదే రోజు సవరణలు వచ్చాయి. సివిఇ-2018-4124 అనే సంఖ్యతో నమోదైన ఆ దోషం గురించి సంస్థ చెప్పింది స్వల్పం: కోర్‌టెక్స్ట్ అనే భాగంలో స్మృతి చెదిరే దోషం ఉందని, లోపలికి వచ్చే పాఠాన్ని మరింత శ్రద్ధగా పరిశీలించడం ద్వారా దానిని సరిచేశామని. ఏ పంక్తి తప్పో, ఏ పంక్తి మారిందో బయటివారికి తెలియదు. ఆ మూలపాఠం మూసిన పేటిక.

2. పత్తి, మిర్చి

తెర మీద తెలుగు కనిపించడానికి ముందు ఏమి జరుగుతుందో తెలియకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. గుంటూరు మార్కెట్ యార్డులో నిత్యం కనిపించే రెండు మాటలు ఇందుకు చాలు.

'పత్తి'ని కంప్యూటర్ ప, త, పొల్లు, త, గుడి అనే అయిదు సంకేతాలుగా దాచుకుంటుంది. ఇది ఉచ్చారణ క్రమం. గుడి చిట్టచివర పలుకుతుంది కనుక చివర ఉంది. రాతలో మాత్రం గుడి మొదటి తకారం తల మీద కూర్చుంటుంది, రెండవ తకారం ఒత్తుగా కిందికి దిగుతుంది, పొల్లు అదృశ్యమవుతుంది. వినే క్రమాన్ని చూసే క్రమంగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను షేపింగ్ ఇంజిన్ అంటారు. దానికి అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందుగా తెలియాలి. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త కాదు. గణవిభజనకు ముందు అక్షరవిభజన చేయాలి కదా.

'మిర్చి' మరింత చిక్కుముడి. మిరప అన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. హిందీ, ఉర్దూల దారిన వచ్చిన మిర్చిలో రేఫ చకారంతో సంయోగం పొందింది. నేటి తెలుగు రాతలో రకారాన్ని నిలిపి చకారాన్ని ఒత్తుగా కింద రాస్తారు. కన్నడంలో అదే మాటను రాస్తే చకారం నిలిచి, రేఫ దాని కుడిపక్కన గిలకగా మారుతుంది. తెలుగులోనూ ఒకప్పుడు ఈ పద్ధతి ఉండేది. కుడివైపు చేరే గిలక కనుకనే అది వలపలగిలక. శాసనాల్లో, తాళపత్రాల్లో, తొలినాటి అచ్చు పుస్తకాల్లో అది విరివిగా కనిపిస్తుంది. ఆధునిక ముద్రణలో దాదాపు లోపించింది.

హార్ఫ్‌బజ్ మూలపాఠంలో భారతీయ లిపుల నియమాలను చెప్పే ఒక చిన్న పట్టిక ఉంది. లిపికి ఒక పంక్తి. తెలుగు పంక్తికీ కన్నడ పంక్తికీ మధ్య ముఖ్యమైన తేడా రేఫను గురించి: కన్నడంలో రేఫ అడగకుండానే గిలకగా మారాలి, తెలుగులో ప్రత్యేకంగా అడిగితేనే మారాలి. అడగడమంటే పొల్లు తరువాత జీరో విడ్త్ జాయినర్ అనే మరో అదృశ్య గుర్తును, అంటే 'సంయోజకాన్ని', ఉంచడం. రెండు సోదరలిపుల శతాబ్దాల ఎడబాటు ఆ పట్టికలో ఒక్క పదం తేడాగా నిలిచింది. తెలుగు లిపి చరిత్రను ఇంత క్లుప్తంగా చెప్పిన రచన మరొకటి ఉండదేమో.

అక్షరవిభజన నియమాలు అదే ప్రాజెక్టులో మరో ఫైలులో, రాగెల్ అనే భాషలో, వ్యాకరణసూత్రాల రూపంలో ఉన్నాయి. హల్లు, దాని తరువాత పొల్లు, సంయోజక విభాజకాలు రాదగిన చోట్లు, గుణింతం, పూర్ణబిందు విసర్గలు అనే వరుసను ఆ సూత్రాలు నిర్వచిస్తాయి. రాగెల్ ఒక కంపైలర్. మనిషి రాసిన సూత్రాలను చదివి, యంత్రం వేగంగా నడిపే స్థితుల పట్టికగా అనువదిస్తుంది. సూత్రంలో ఒక గుర్తు స్థానం మారితే ఆ అనువాదం మారుతుంది, లక్షల ఫోన్లలో ఆ అక్షరం రూపమూ మారుతుంది.

3. భట్టిప్రోలు పేటికలు

ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలోకి వచ్చిన భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే బౌద్ధస్తూపాన్ని తవ్వి ధాతుపేటికలను వెలికితీశాడు. వాటి మీది ప్రాకృత లేఖనాలను గేయోర్గ్ బ్యూలర్ చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. వాటి కాలాన్ని సాధారణంగా క్రీ.పూ. 3-2 శతాబ్దులుగా చెబుతారు, కొందరు ఇంకా తరువాతిదిగా భావిస్తారు.

ఆ లిపిలో కొన్ని అక్షరాల ఆకృతి అశోకుని బ్రాహ్మికి భిన్నమైనది. ప్రస్తుత విషయానికి ఆకృతి కన్నా నియమం ముఖ్యం. అశోకుని బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని హల్లులో అకారం ఇమిడి ఉంటుంది. 'క' అని పలకడానికి కకారాన్ని రాస్తే చాలు. భట్టిప్రోలు లేఖనాల్లో అలా కాదు. అకారాన్ని కూడా గుర్తుతో చూపుతారు. బ్రాహ్మిలో దీర్ఘానికి వాడే అడ్డుగీతను ఇక్కడ హ్రస్వ అకారానికి వాడి, దీర్ఘానికి దానికే మరో చిన్న గీతను చేర్చారు. దాని ఫలితంగా గుర్తు లేని హల్లు కేవలం హల్లు అవుతుంది. అచ్చు లేదని చెప్పడానికి వేరే గుర్తు అవసరం రాదు.

సంకేతశాస్త్రం దృష్టితో చూస్తే ఇది మౌలికమైన సవరణ. ఒక పద్ధతిలో అచ్చు సహజం, దాని లేమిని చెప్పాలి. రెండవ పద్ధతిలో లేమి సహజం, అచ్చును చెప్పాలి. హల్లంతాలు విరివిగా ఉండే ద్రావిడభాషలకు రెండవది అనుకూలమని, తమిళబ్రాహ్మిలోనూ ఇటువంటి ప్రయోగాలు జరిగాయని ఐరావతం మహదేవన్ వివరించాడు. భట్టిప్రోలు లేఖనాల భాష ప్రాకృతమే అయినా, లిపిని సవరించినవారి చెవిలో ఏ భాష ఉండిందన్న ప్రశ్న అందువల్లనే వస్తుంది. తమిళం చివరకు చుక్క పెట్టడాన్ని ఎంచుకుంది. తెలుగు కన్నడాలకు దారితీసిన లిపి అకారం ఇమిడిన పద్ధతిలోనే సాగి, ఒత్తులనూ పొల్లునూ అభివృద్ధి చేసుకుంది. భట్టిప్రోలు సవరణ ఒక శాఖగానే నిలిచిపోయింది.

యూనికోడ్ స్వీకరించింది మొదటి పద్ధతినే. అందులో పొల్లుకు రెండు పనులు. 'త్' అని ఆగవలసిన చోట అది కనిపించాలి. 'త్త' అని సాగవలసిన చోట కనిపించకుండా ఒత్తును పుట్టించాలి. ఒకే సంకేతానికి కనిపించే పని ఒకటి, కనిపించని పని ఒకటి అప్పగించడం వల్ల వాటిని వేరుచేయడానికి సంయోజక విభాజకాలు అవసరమయ్యాయి. 2018లో కోర్‌టెక్స్ట్ తడబడింది సరిగ్గా ఈ అతుకు దగ్గర. భట్టిప్రోలు నియమాన్ని అనుసరించే సంకేతవిధానంలో ఆ వరుస ఏర్పడే అవకాశమే ఉండేది కాదు. ఇది ఊహే అయినా, దోషం మూలం ఎక్కడుందో చూపడానికి పనికివచ్చే ఊహ.

4. ఇరవైమూడేళ్ల ఖాళీ గడి

యూనికోడ్ తొలి సంపుటి 1991 అక్టోబరులో వచ్చింది. అందులోని తెలుగు విభాగం భారతప్రభుత్వ ప్రమాణమైన ఇస్కీ 1988 రూపాన్ని అనుసరించింది. ఇస్కీ భారతీయ లిపులన్నింటికీ ఒకే చట్రం గీసింది. దేవనాగరిలో ఒక అక్షరం ఏ గడిలో ఉంటే తెలుగులో దాని సాటి అక్షరమూ ఆ గడిలోనే ఉండాలి. సాటి లేకపోతే గడి ఖాళీ. 0సి34 అనే గడి అలా ఖాళీగా ఉండిపోయింది. తమిళంలో, మలయాళంలో ఆ స్థానంలో ఉన్నది 'ఴ' ధ్వనిని తెలిపే అక్షరం. ఆధునిక తెలుగులో అది లేదు కనుక గడినీ విడిచిపెట్టారు.

ఆధునిక తెలుగులో లేదన్నది నిజమే. రేనాటి చోళుల శాసనాలలో మాత్రం ఉంది. నన్నయ నాటికి లుప్తమైన ఆ అక్షరం తొలి శాసనభాష అధ్యయనానికి ప్రాణం వంటిది, ఎందుకంటే అది తరువాతి కాలంలో డకార, ళకారాదులుగా ఎలా పరిణమించిందన్నది ద్రావిడభాషా చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. యూనికోడ్ పాఠంలో శాసనాన్ని ఎక్కించేవారు ఆ అక్షరం స్థానంలో మరొకటి వేయాలి, లేదా బొమ్మగా పెట్టాలి. మొదటి పని చేస్తే ఏ మార్పును నిరూపించాలో ఆ మార్పే పాఠంలోకి ముందుగా ప్రవేశిస్తుంది. ఆ గడి 2014లో యూనికోడ్ 7.0తో నిండింది. శాసనాలలోని మరో ప్రాచీనాక్షరం ౚ మరుసటి ఏడు 8.0లో చేరింది.

అంతకు ముందే, 2008 ఏప్రిల్‌లో వచ్చిన 5.1లో దంత్యాలైన ౘ, ౙలతోపాటు తెలుగు భిన్నాంకాలు, తూము గుర్తు చేరాయి. ఆ భిన్నాంకాలు కరణాల లెక్కలవి. నాలుగు ప్రమాణంగా నడిచే పద్ధతి అది: కాలు అంటే నాలుగవ వంతు, వీసం అంటే పదహారవ వంతు. నాలుగు బేసిఘాతాలకు ఒక వరుస గుర్తులు, సరిఘాతాలకు మరొక వరుస. పల్నాటి నుండి కందుకూరు దాకా గ్రామలెక్కలు రాసినవారి చేతిలో తిరిగిన గుర్తులకు కంప్యూటర్‌లో చోటు దొరికేసరికి కరణాలే లేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984 జనవరిలో మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది.

పొల్లుకు నేరుగా సంబంధించిన చేర్పు 2021 సెప్టెంబరులో 14.0తో వచ్చింది. అది నకారపొల్లు, ౝ. ద్రుతప్రకృతికాల చివరి నకారాన్ని ప్రాచీన లేఖకులు, తొలి ముద్రాపకులు తలకట్టు తీసేసి పొల్లు పెట్టే పద్ధతిలో గాక, ప్రత్యేకాకృతిలో రాశారు. తెలుగు వ్యాకరణంలో ద్రుతానికున్న ప్రాధాన్యం దృష్ట్యా ఈ అక్షరం ఇంత ఆలస్యంగా చేరడం విచిత్రమే. హార్ఫ్‌బజ్‌లో దీనికి పెద్ద పని పడలేదు. అక్షరవర్గాల పట్టికను అది యూనికోడ్ దత్తాంశం నుండే పుట్టించుకుంటుంది కనుక, అదే నెలలో విడుదలైన 3.0.0లో 14.0 చేర్పులన్నీ వచ్చాయి.

యూనికోడ్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ ఇక్కడ ఒక ప్రధానభేదం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే దిద్దుతారు, తప్పు పోతుంది. యూనికోడ్ స్థిరత్వ విధానం ప్రకారం ఒకసారి చేర్చిన అక్షరాన్ని తొలగించరు, చోటు మార్చరు, పేరు కూడా మార్చరు. కోట్ల పుటల పాత పాఠం చెడకూడదు కదా. అందువల్ల సంకేతవిధానంలోని లోటుపాట్ల బరువంతా షేపింగ్ ఇంజిన్ మీద, ఖతుల మీద పడుతుంది. దిద్దుబాటు ఎప్పుడూ కింది అంతస్తులోనే.

5. హార్ఫ్‌బజ్: ఏది సరి?

హార్ఫ్‌బజ్ అంటే పారశీకంలో 'తెరచిన అచ్చక్షరం' అన్న అర్థం వచ్చే మాట. ఫ్రీటైప్ ప్రాజెక్టులో పుట్టిన కోడ్ పాంగో, క్యూటీ అనే రెండు చోట్ల విడివిడిగా పెరిగింది. ఆ శాఖలను కలిపి, తరువాత మొత్తం పునర్లిఖించిన పనికి సారథి బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్‌లలో తెలుగును కూర్చేది ఇదే. లిబ్రెఆఫీస్ 2017లో 5.3తో అన్ని వేదికల మీదా దీనికే మారింది. ఇరుగుపొరుగు గ్రామాల్లో ఒక రైతు ఆండ్రాయిడ్ ఫోనులో మిర్చి ధర చూసినా, ఒక పరిశోధకుడు లిబ్రెఆఫీస్‌లో సిద్ధాంతగ్రంథం టైపు చేసినా, రకారం కింద చకారాన్ని దించేది ఆ పట్టికలోని ఆ ఒక్క పంక్తే.

కొత్త ఇంజిన్‌లో భారతీయ లిపుల భాగం 2010 దశకం తొలి ఏళ్లలో రూపుదిద్దుకుంది. దాని పరీక్షావిధానం శాస్త్రీయంగా ఆసక్తికరమైనది. ఒక్కొక్క భాషకు పెద్ద పదజాబితా తీసుకుని, అందులోని ప్రతి పదాన్నీ హార్ఫ్‌బజ్‌తోనూ, మైక్రోసాఫ్ట్ వారి యూనిస్క్రైబ్‌తోనూ కూర్చి, ఫలితాలు సరిపోలుతున్నాయా అని చూశారు. తెలుగు జాబితాలో 9,70,000 పైచిలుకు పదాలున్నాయి. సవరణ వెంట సవరణ చేస్తూ తేడాలను వందకు లోపు తెచ్చారు. ప్రతి సవరణ వివరణలోనూ ఏ లిపిలో ఎన్ని తేడాలు మిగిలాయో రాశారు. పాఠపరిష్కర్త ప్రతి పాఠాంతరాన్నీ అధస్సూచికలో నమోదుచేసే క్రమశిక్షణ ఇది. ఆ వివరణలు నేటికీ ఎవరైనా చదవవచ్చు.

అయితే ఈ పరీక్షలో సరి అంటే ఏమిటి? యూనిస్క్రైబ్‌తో సరిపోలడం. తెలుగు వినియోగదారులు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఖతి నుండి యూనిస్క్రైబ్ కూర్పుకే అలవాటుపడ్డారు. ఖతులు తయారుచేసేవారు కూడా దాని ముందు పరీక్షించే తయారుచేశారు. కనుక దానితో సరిపోలకపోతే పాత ఖతులన్నీ చెడతాయి. హార్ఫ్‌బజ్‌లో యూనిస్క్రైబ్ పొరపాట్లను సైతం యథాతథంగా అనుకరించే ఒక ఐచ్ఛికం కూడా ఉంది. పరీక్ష సాగడానికి అది అవసరమే. తాళపత్ర లేఖకుడు మాతృకలోని తప్పును తప్పని తెలిసీ దిద్దకుండా దించుకున్నట్టు ఉంది ఇది. ఆచరణలో ఈ నిర్ణయం సమంజసం. కానీ దీనివల్ల తెలుగు కూర్పుకు ప్రామాణ్యం తెలుగు లిపిశాస్త్రం నుండి రాలేదు, ఒక సంస్థ తొలి ఉత్పత్తి నుండి వచ్చింది.

దీని ప్రభావం నిత్యవ్యవహారంలో తెలియదు. శాసనపాఠాలలో తెలుస్తుంది. శాసనాలలో రేఫ తరువాతి హల్లును ద్విత్వంగా రాయడం సామాన్యం: ధర్మ్మ, సర్వ్వ. అద్దంకి పండరంగని శాసనం వంటి 9వ శతాబ్ది లేఖనాలను, ఒంగోలు, కందుకూరు, దర్శి ప్రాంతాల శాసనాలను సంకలించేవారికి ఇటువంటి రూపాలు అడుగడుగునా తగులుతాయి. 'ధర్మ్మ'ను సాధారణంగా టైపు చేస్తే రకారం నిలిచి దాని కింద రెండు మకారపు ఒత్తులు పేరుకుంటాయి. రాతి మీద అలా ఉండదు. మకారం, దాని కింద ఒత్తు, కుడివైపు గిలక ఉంటాయి. ఆ రూపం కావాలంటే సంయోజకం చేర్చాలి. ఖతిలో వలపలగిలక ఉండాలి. సంయోజకం చేర్చిన పాఠంలో 'ధర్మ్మ' అని మామూలుగా వెతికితే, అదృశ్య గుర్తులను పట్టించుకోని వెతుకుడు సాధనం కాకపోతే, దొరకదు. ఒకే శాసనాన్ని ఇద్దరు ఎక్కిస్తే ఒకరి పాఠం మరొకరి సూచికలో కనిపించకపోవచ్చు. 'సాఫ్ట్‌వేర్' విభాజకంతో ఒకటి, లేకుండా ఒకటి అయినట్టే.

2018 దోషానికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే. ఫోన్లు ఆగిపోయిన దోషం వారంలోపు దిద్దబడింది. వినియోగదారు గగ్గోలే దానికి చాలింది, తెలుగు తెలిసినవారి ప్రమేయం అక్కరలేకపోయింది. గిలక ఉండవలసిన చోట ఒత్తు పడితే ఏ యంత్రమూ ఆగదు. దానిని దోషమని గుర్తించగలిగినవారు శాసనం చదవగలిగినవారే. హార్ఫ్‌బజ్ వంటి బహిరంగ ప్రాజెక్టులో దోషనివేదికకు కావలసింది ప్రోగ్రామింగ్ కాదు: సంకేతాల వరుస, రావలసిన రూపం, దానికి ఆధారమైన శాసనఫలకం లేదా ముద్రితపుట. ఈ మూడూ శాసనశాస్త్ర విభాగాల్లో రోజువారీ సామగ్రి. 0సి34 గడి నిండింది కూడా ఇటువంటి సాక్ష్యాలు చూపిన ప్రతిపాదన వల్లనే.

నకారపొల్లు విషయంలో ఈ పని ఇప్పుడే మొదలవుతోంది. 2021కి ముందు యూనికోడ్‌లోకి ఎక్కిన ప్రాచీనకావ్యాలన్నిటిలో ద్రుతనకారం న్ గానే ఉంది, కొన్ని చోట్ల విభాజకంతో, కొన్ని చోట్ల లేకుండా. కొత్త పరిష్కరణలలో ౝ వాడితే పాత పాఠాలతో పోల్చడం కష్టం. వాడకపోతే లేఖకుడు చూపిన భేదం పోతుంది. యంత్రంతో పాతవాటిని మార్చబోతే, ద్రుతనకారానికీ ఇతర పొల్లు నకారానికీ భేదం తెలియని యంత్రం 'ఫోన్' చివర కూడా ౝ పెడుతుంది. ఎక్కడ ద్రుతమో నిర్ణయించే నియమాలు బాలవ్యాకరణంలో ఉన్నాయి. వాటిని రాగెల్ సూత్రాల పక్కన పెట్టి చదివినవారు ఇంకా రావలసి ఉంది.